మీట మీద ప్లాస్టర్

"గుడ్డ మరీ తడపొద్దు కెజియా, ప్లాస్టర్ ఊడిపోతాది," అన్నారు మా ఆయన, పేపరు మీది నుంచి తల ఎత్తకుండా.

సోమవారం. వంటగట్టు మీద ఒక వైపు కడిగి బోర్లించిన టిఫిన్ గిన్నెలు, మరొక వైపు మూతలు విప్పిన కెమెరాలు. ఆదివారం పెళ్లిళ్లు ముగిశాక, కోట ఊళ్లో ఫొటో స్టూడియో నడిపే ఇంటికి సోమవారం ఇట్లాగే తెల్లవారుతుంది. సముద్రం మాకు కనిపించదు. దాని ఉప్పు మాత్రం గాలిని పట్టుకొని వచ్చి కిటికీ ఊచలకు, కుట్టుమిషను చక్రానికి, కెమెరా కీళ్లకు అంటుకుంటుంది. ఊచలు తుడిచేది నేను. చక్రానికి నూనె వేసేది నేను. కెమెరాలకు పట్టిన ఉప్పును ఒత్తి తీసేదీ నేనే. తుడిచిన సంగతి ఎవరికీ తెలియకపోవడం ఈ పనులన్నింటి లక్షణం. తుడవనినాడు మాత్రం ఇల్లంతటికీ తెలుస్తుంది.

పెద్ద కెమెరా ఆయనది. పాతది నాది. నాది అంటే నా పేరున కొన్నదని కాదు. ఆయన వాడటం మానేశారు గనుక నాది. దాని ముఖం మీద, లెన్సు పక్కన, గోరంత మీట ఒకటి ఉంది. మూడు ఇంగ్లీషు అక్షరాల మధ్య తిరుగుతుంది. ఎస్ దగ్గర పెడితే నిలిచి ఉన్నవాళ్లకు. ఫొటో తీసే బటన్ సగం నొక్కగానే చిన్న కూత వినిపిస్తుంది, లెన్సు ఆ దూరానికి కట్టుబడిపోతుంది. ఆ తరువాత ఎదుటి మనిషి అడుగు ముందుకు వేసినా వెనక్కి వేసినా దానికి పట్టదు. ఒకసారి చూసిన దూరాన్నే అది నమ్ముతుంది. సి దగ్గర పెడితే కదిలేవాళ్లకు. వేలు నొక్కి ఉంచినంతసేపూ లెన్సు మనిషి వెంట పోతూనే ఉంటుంది, కూత పెట్టదు. ఎం అన్నది, ఏ సాయమూ లేకుండా చేత్తో తిప్పుకోగలిగినవాళ్లకు.

"నీకు ఎస్ చాలు," అన్నారు ఆయన, మా పెళ్లైన ఏడాదికి. తన దగ్గర పనిచేసే అసిస్టెంటు సొంత స్టూడియో పెట్టుకొని పోయిన రోజు అది. "కూర్చున్న పెళ్లికూతురు, నగలు, గోరింటాకు చేతులు, గ్రూపు ఫొటోలు. కదలనివన్నీ నువ్వు చూసుకో. కదిలేవి నేను చూసుకుంటా." తరువాత చావు ఇళ్లు కూడా నా వంతుకే వచ్చాయి. తెరిచిన పెట్టె చుట్టూ కుటుంబమంతా నిలబడి తీయించుకునే ఆఖరి ఫొటో. "అంతకన్నా కదలనివాళ్లు ఎవరుంటారు చెప్పు?" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజుల్లో ఆయన నవ్వితే నేను నవ్వేదాన్ని.

ఆ మీట మీద ఇప్పుడు, వేలి గాయానికి చుట్టే ప్లాస్టర్ ముక్క ఒకటి అతికించి ఉంది. ఎస్ దగ్గర. కదలకుండా. పోయినేడు మార్చి నుంచి అది అక్కడే ఉంది.

పోయినేడు మార్చిలో మా సంఘం బాప్తిస్మాలకు సముద్రానికి పోయింది. మా సంఘంలో పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు. వయసు వచ్చినవాళ్లు, తమంతట తాము అడిగి, నిండా మునిగి లేవాలి. ఆ ఏడు ఐదుగురు ఆడవాళ్లు. తడిసిన బట్టలతో నీళ్లలోంచి లేచే ఆడవాళ్లను మగవాడు ఫొటో తీస్తే బాగుండదని పాస్టరమ్మ గారు అనడంతో ఆ పని నాకు దక్కింది. కెమెరా సరిచేసి నా చేతికి ఇచ్చింది మాత్రం ఆయనే. "నిలబడతారు, ముంచుతారు, లేపుతారు. ఎస్ చాలు. ఏదీ ముట్టుకోబాక."

నడుములోతు నీళ్లలో మనిషి నిలబడగానే నేను సగం నొక్కాను. కూత వినిపించింది. మనిషి మునిగింది. అల వచ్చింది. మనిషి లేచింది. పూర్తిగా నొక్కాను. ఐదుగురికీ అదే లయ: కూత, మునక, అల, లేవడం, నొక్కు. ఇంటికి వచ్చి కంప్యూటరులో చూస్తే ఐదుగురి ముఖాలూ పాలలో కరిగిపోయినట్టు ఉన్నాయి. వాళ్ల వెనుక నురగ మాత్రం గింజ గింజగా లెక్కపెట్టుకోవచ్చు.

"చెయ్యి వణికింది," అన్నారు ఆయన. "లేదంటే ఆ మీటను కదిలించి ఉంటావు. నేను పెట్టిచ్చిన కెమెరా ఊరికే ఎట్ట చెడతాది?"

"గరిటె పట్టే చేతికి కెమెరా ఇస్తే అట్టనే ఉంటాది నాయనా," అన్నది మా అత్తగారు రెబెక్కమ్మ. "నేను ముందే చెప్పినానా లేదా?"

తరువాతి వారం జరిగినది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వూ ఏడుపూ ఒకే దారిలో వస్తాయి. స్టూడియో పేరు చెడకూడదని ఆయన ఆ ఐదుగురినీ మళ్లీ సముద్రానికి రమ్మన్నారు, ఫొటో కోసం ఇంకోసారి మునిగేదానికి. పాస్టరు పరంజ్యోతి గారు రెండు చెవులూ మూసుకొని రానన్నారు. అయితేనేమి, తన తెల్ల అంగీ ఇచ్చారు. ఆ అంగీ తొడుక్కొని మా ఆయన స్నేహితుడు బెన్హర్ నీళ్లలో నిలబడ్డాడు, ఫొటోలో చేతులు మాత్రమే పడేటట్టు. నలుగురు ఆడపిల్లలు మునిగారు, లేచారు, మునిగినప్పటి పరవశం ముఖాన తెచ్చుకున్నారు. అది నిజం బాప్తిస్మం కాదు గనుక మగవాడు తీసినా తప్పులేదని పెద్దలు తేల్చారు. మా ఆయనే తీశారు. నాలుగూ చక్కగా వచ్చాయి. ఆ రోజు సముద్రం చెరువులాగా ఉంది. ఆ మాట ఎవరూ అనలేదు.

ఐదో ఆమె రాలేదు.

ఆమె పేరు మగ్దలీనమ్మ. అరవై ఒకటేళ్లు. రొయ్యల తలలు వొలిచే షెడ్డులో పని. ముప్పై తొమ్మిదేళ్లుగా మా సంఘంలో ఉంటూ, భర్తకు, ముగ్గురు కొడుకులకు బాప్తిస్మం అయినా తాను మాత్రం కాకుండా ఉండిపోయిన మనిషి. వద్దనుకొని కాదు. ఒక ఏడు కడుపు, ఒక ఏడు కాన్పు, ఒక ఏడు మంచం పట్టిన అత్త, ఆ తరువాత సెలవివ్వని షెడ్డు, ఆ తరువాత "ఈ వయసులో ఎందుకులే" అన్న భర్త. బాప్తిస్మం లేనివాళ్లు ప్రభువు బల్లలో, అంటే సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనలో, పాలు పుచ్చుకోరాదు. నెల నెలా మొదటి ఆదివారం రొట్టె పళ్లెం తన ముందుకు వస్తే, అందుకొని, పక్కామెకు అందించేది. ముప్పై తొమ్మిదేళ్లు అందించింది. తెచ్చి పెట్టడం, తినకుండా అందించడం మా ఆడవాళ్లకు ఇంట్లో అలవాటే గనుక గుడిలో కూడా ఎవరికీ అది వింతగా కనిపించలేదు.

ఆటో పంపితే ఆమె తిప్పి పంపింది. "మునిగేది ఒక్కసారే నాయనా," అన్నదట ఆయనతో. "దేవుడు చూసినాడు. నీ కెమెరా చూడలేదంటే నేనేం చేసేది?"

ఆ సాయంత్రమే ఆయన ప్లాస్టర్ కత్తిరించి మీట మీద అతికించారు. బొటనవేలితో గట్టిగా, బొట్టు పెట్టినట్టు. "ఇంక నీ వేలు పొరపాటున తగిలినా కదలదు."

ముఖాలను మంచు కమ్మినట్టు తీసినదాన్ని గనుక, అప్పటినుంచి నా పేరు మంచు కెజియా. గుడిలో ఆడవాళ్ల వైపు చాప మీద నేను కూర్చోగానే ఎవరో ఒకరు కొంగు భుజం నిండా కప్పుకుంటారు: "ఏందో చలిగా ఉందే, మంచు పడతాంది." పెళ్లిళ్లలో "అమ్మాయ్, మంచు తుడిచి తీయి, లేదంటే మా ముఖాలు కనపడవు" అని నవ్వుతారు. నేను నవ్వుతాను. రాత్రి గిన్నెలు కడిగేటప్పుడు చెయ్యి నీళ్లలోంచి తీసి చూసుకుంటాను. వణుకుతున్నదా? చూస్తూ ఉంటే ఏ చెయ్యి అయినా వణుకుతుంది. ఏడాదిపాటు నేను నా చేతిని అనుమానించాను. చారు పోసేటప్పుడు, మా బిడ్డ ఏంజెలిన్‌కు జడ వేసేటప్పుడు, సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు. తప్పు నాది అనుకోవడంలో ఒక సౌకర్యం ఉంది. ఎవరినీ ఏమీ అడగనక్కర లేదు.

ఈ ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం మగ్దలీనమ్మ గారు మా ఇంటికి వచ్చింది. వేళ్లన్నీ రొయ్యల ముళ్లు గీరిన గీతలు. కొంగులోంచి తీసి చూపింది: పోయినేడు స్టూడియోలో అడిగి తీసుకుపోయిన అదే మసక ఫొటో, చట్రంతో సహా. మూల నుంచి నల్లగా బూజు పాకింది.

"గోడ నెమ్ముకు పోయినాది తల్లీ. ఇంకోటి తీసిస్తావా?"

"దీన్ని గోడకు పెట్టుకున్నారా పెద్దమ్మా? ఏమీ కనపడదు కదా ఇందులో."

"ఎందుకు కనపడదు? నేనే గదా." ఆమె వేలితో ఆ తెల్లని మరకను తడిమింది. "నాకూ ఆ నిమిషాన అంతా ఇట్టనే కనపడినాదిలే, కంట్లో నీళ్లు నిండి. మా మనవరాలు లిల్లీ ఈ ఏడు మునగతాంది. దానిది బాగా తీయి. అది నవ్వితే చూడాల. నీ చేతికి వణుకుంటే మునక్కాయ తిను, తగ్గిపోతాది."

ఆమె ఆ మాట నవ్వకుండా, ప్రేమగా అన్నది. ఆమె వరకు చేరిన నిజం అదే గనుక.

ఆమెను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, కంప్యూటరు ముందుకు వెళ్లాను. ఆ గదిలో మధ్యాహ్నాలు నావే. వేలకొద్దీ పెళ్లి ఫొటోలలో కళ్లు మూసుకున్నవి తీసివేయడం, ఆల్బంకు వరస పేర్చడం నా పని. కింద పేరు మాత్రం ఆయనది. పోయినేటి బాప్తిస్మాల ఫోల్డరు తెరిచాను. ఏడాది తరువాత మొదటిసారి. సిగ్గుతో మళ్లీ తెరవని ఫోల్డరు. మగ్దలీనమ్మ గారి ఫొటోను నొక్కబోయి, పక్కనున్న వివరాల పట్టీని నొక్కాను. ఫొటో పక్కన వరుసలు వరుసలుగా దిగాయి: తేదీ, గంట, నిమిషం, లెన్సు. ఆ కింద, ఫోకస్ మోడ్. ఎదురుగా, ఎస్.

మిగిలిన నాలుగూ తెరిచాను. ఎస్. ఎస్. ఎస్. ఎస్.

నేను ఏదీ ముట్టుకోలేదు. ఆయన పెట్టిచ్చినచోటే మీట ఉండింది. వణుకు అయితే నురగ కూడా చెదరాలి. నురగ గింజ గింజగా ఉంది. మనిషి నిలబడినప్పుడు కెమెరా దూరం కట్టుకొంది. అల మనిషిని రెండడుగులు ఒడ్డు వైపు తోసింది. తెల్లవారుజాము వెలుతురు చాలక బాగా తెరిచిన లెన్సుకు స్పష్టంగా అందేది జానెడు లోతు మాత్రమే. కెమెరా, మనిషి ఇంతకుముందు నిలిచిన చోటునే చూస్తూ ఉండిపోయింది. మనిషి అక్కడ లేదు.

ఈ పట్టీని ఆయన రోజూ చూస్తారు. ఆయన చూసి ఉంటే ఆయనకు తెలుసు. చూడకుండానే నా చేతి మీద తప్పు మోపి ఉంటే, దానికి ముందు ఒక్కసారి వేలు నొక్కి చూసేంత శ్రమ కూడా ఆయనకు అవసరమనిపించలేదు. ఈ రెండింటిలో ఏది చిన్న తప్పో తేల్చుకోలేక, అచ్చు యంత్రం ఫొటోను బయటకు తోసేదాకా అలాగే నిలబడ్డాను.

ఆ సాయంత్రం ప్లాస్టర్ కొస గోటితో లేపాను. ఏడాది చెమటకు, ఉప్పుకు అది మెత్తబడి, అడగ్గానే వచ్చేసింది. మీటను సి వైపు తిప్పాను. పెరట్లోకి వెళ్లాను. అత్తగారు బకెట్ పట్టుకొని బోరింగు దగ్గర నుంచి నా వైపు వస్తున్నది. కెమెరా కంట్లో కనిపించే ఎర్ర గడిని ఆమె ముఖం మీద పెట్టి వేలు సగం నొక్కి ఉంచాను. కూత లేదు. చేతిలో లెన్సు లోపల సన్నగా మెదిలింది, నిద్రలో కదిలే బిడ్డ లాగా, ఆమె అడుగుకు ఒక అడుగుగా. కూత లేకపోతే ఎప్పుడు నొక్కాలో నాకు తెలియలేదు. సరిగ్గా ఉందా? ఇప్పుడా? ఇంకొంచెం ఆగనా? సరే అని చెప్పేవాళ్లు లేరు. నొక్కాను.

"నన్నెందుకు తీస్తాండావే? అన్నం వార్చినావా?" అన్నది ఆమె.

ఫొటోలో ఆమె కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ ఉన్నాయి. విడిచిపెట్టలేని బకెట్ బరువుతో బిగిసిన పెదవి ఉంది. నేను పన్నెండేళ్లుగా ఆ ముఖాన్ని చూస్తున్నాను, ఆ పెదవిని ఎప్పుడూ చూడలేదు.

నెలరోజులు దొంగతనంగా సాధన చేశాను. ఊయల మీద ఏంజెలిన్. నా మీదికి ఉరికే కోడి. సైకిలు మీద వచ్చే పాలమనిషి. తీసి, చూసి, చెరిపి, మీట వెనక్కి తిప్పి, ప్లాస్టర్ మళ్లీ అతికించి. అతుకు తగ్గినప్పుడు అదే కొలతకు కొత్తది కత్తిరించి. ఆ నెలలో ఒక సంగతి నా వెంట పడింది, నిద్రలో కూడా వదలలేదు. ఇంట్లో నేను రోజంతా సి దగ్గరే ఉంటాను. పాలు పొంగకముందే నా చెవి పొయ్యి మీద ఉంటుంది. అత్తగారి దగ్గు మారితే నా కన్ను మందు డబ్బా మీద ఉంటుంది. ఆయన చెప్పులు విడిచే చప్పుడును బట్టి ఆ పూట నా గొంతు ఎంత ఉండాలో నాకు తెలుస్తుంది. ఎవరు ఎటు జరిగితే అటు జరిగే లెన్సును నేను. నాకు కూత లేదు, ఆగడం లేదు, చాలు అన్న మాట లేదు. ఇంత కదలికను కనిపెట్టే మనిషి చేతికి కెమెరా ఇచ్చినప్పుడు మాత్రం, నీకు నిలిచినవే చాలు అన్నారు. ఆయన సంగతి వేరు. పెళ్లిచూపులలో తల వంచుకొని కూర్చున్న ఇరవై రెండేళ్ల పిల్లను ఆయన ఒకసారి చూశారు. కూత వినిపించింది. దూరం కట్టుబడింది. నేను అక్కడి నుంచి ఎంత జరిగానో ఆయన లెన్సుకు తెలియదు. అందుకే కాబోలు, ఆయనకు నేనెప్పుడూ కొంచెం మసకగానే కనిపిస్తాను. ఆ మసక నా ముఖానిదే అనుకుంటారు.

ఈ ఏటి బాప్తిస్మాల రోజునే శ్రీహరికోట నుంచి రాకెట్ ఉంది. ఆయన, బెన్హర్ పెద్ద కెమెరాతో, చేయంత పొడవు లెన్సుతో ముందురోజే సూళ్లూరుపేట వైపు బయలుదేరారు. పోతూ పోతూ పాత కెమెరా తీసి, ప్లాస్టర్ మీద బొటనవేలు ఒత్తి చూశారు.

"ఈసారి మంచు పడిందంటే స్టూడియో మూసుకోవాల. ఇదే చెప్తాండా, ఈసారి చెడితే నువ్వు ఇంక కెమెరా ముట్టుకోబాక. వంట, బిడ్డ, అంతే. అర్థమైందా?"

"అయింది," అన్నాను.

నాకు అర్థమైంది. ఈ పాత ఇనుప ముద్దను తీసేసుకుంటే నాకు మిగిలేవి ఏవో లెక్కపెట్టుకున్నాను. లెక్క ఒక చేతి వేళ్లు దాటలేదు.

ఉదయం ఆరున్నర. అలలు పెద్దవిగా ఉన్నాయి. తెల్లచీరలలో నలుగురు, వాళ్ల వెనుక పాట పాడుతూ సంఘం. పాస్టరు గారు నడుములోతులో నిలబడి, అల వచ్చినప్పుడల్లా అంగీ బుడగలాగా పొంగితే అణుచుకుంటున్నారు. అత్తగారు నా పక్కనే వచ్చి నిలబడింది, నా చేతిని చూస్తూ. నేను ముట్టుకుంటే ఆమె చూస్తుంది. చూస్తే చెబుతుంది.

మొదటి అమ్మాయి నీళ్లలోకి దిగింది. నా వేలు ప్లాస్టర్ కొసమీద ఉంది. తీయలేకపోయాను. భయం నాకు కొత్త కాదు. పన్నెండేళ్లుగా అదే నాకు తోడు. కూత, మునక, అల, లేవడం, నొక్కు. వెనుక తెరమీద చూశాను. పాలలో కరిగిన ముఖం.

"ఏమైనాది? మళ్లీ పోయినాదా?" అన్నది అత్తగారు.

ఆమె చూస్తుండగానే ప్లాస్టర్ పీకాను. చర్రుమని చిన్న చప్పుడు. మీట తిప్పాను.

"వాడు ముట్టుకోబాక అన్నాడు గదా! ఏందే నీ ధైర్యం?"

"పాట పాడండి అత్తా," అన్నాను. నా నోట ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు.

రెండో అమ్మాయి. మూడో అమ్మాయి. కూత లేని నిశ్శబ్దంలో నా గుండె చప్పుడే కూతగా ఉంది. ఆఖరున లిల్లీ. నీళ్లంటే భయం ఆ పిల్లకు, ఒడ్డున మగ్దలీనమ్మ గారు "పోమ్మే, పో, నేను పోలేదా?" అని తోస్తున్నది. లిల్లీ మునిగింది. సరిగ్గా అప్పుడే పెద్ద అల విరిగింది. పాస్టరు గారు తూలారు. తెల్ల అంగీ, తెల్ల నురగ, ఎక్కడా మనిషి లేదు. నేను వేలు వదలలేదు. ఎర్ర గడిని నీళ్ల మీద పట్టి ఉంచాను, వచ్చే చోటు నాకు తెలిసినట్టు. నాలుగడుగులు ఇటువైపు, అల అంచును చీల్చుకొని, లిల్లీ తలెత్తింది. నోరంతా తెరిచి నవ్వుతూ. లెన్సు ఆమె వెంట పరుగెత్తింది. నొక్కాను, నొక్కాను, నొక్కాను.

తెర మీద ఆ పిల్ల కనురెప్పకు వేలాడుతున్న నీటి చుక్క. దాని లోపల ఒడ్డు.

మొదటి అమ్మాయి దగ్గరకు వెళ్లాను. "నీది సరిగా రాలేదమ్మా. తప్పు నాదే, భయపడి చెయ్యాల్సినది చెయ్యలేదు," అన్నాను. ఆ అమ్మాయి తలార్చుకుంటూ నవ్వింది. "ఇప్పుడు తీయక్కా, తడి ఆరకముందే." అలల్లో నడిచి వస్తున్న ఆమెను తీశాను.

తొమ్మిది గంటలకు, అందరూ ఇడ్లీలు తింటుండగా, దక్షిణాన రాకెట్ లేచింది. సన్నని నిప్పుగీత. పిల్లలు కేకలు పెట్టారు. నేనూ కెమెరా ఎత్తాను. లెన్సు మీద దూరం చూపే చిన్న కిటికీ ఉంది. ముల్లు ఆఖరి గుర్తు దగ్గర ఆగి, ఇక కదలలేదు. ఆ నిప్పుగీత ఎంత వేగంగా ఎక్కినా కదలలేదు. అంత దూరాన ఉన్నది ఎంత పరుగెత్తినా లెన్సుకు నిలిచినట్టే. పదడుగుల దూరంలో, అలలో, రెండడుగులు జరిగే ఆడమనిషే కష్టం. ఇన్నేళ్లూ కదిలేవన్నీ తన వంతు అనుకుంటూ ఆయన నిలిచినవాటినే తీశారు.

ఇక్కడ నేను ఒక పిరికి పని చేశాను. ఇంటికి రాగానే మీటను ఎస్ దగ్గరకు తిప్పి, డబ్బాలోంచి కొత్త ప్లాస్టర్ కత్తిరించి అతికించాను. ఎందుకంటే, అలవాటు. అత్తగారు చూసింది, ఏమీ అనలేదు. ఆ మౌనం నాకు ఇంకా అర్థం కాలేదు.

సాయంత్రం ఆయన వచ్చారు, ఎండకు కమిలి. ఫొటోలు తెరిచారు. లిల్లీ దగ్గర ఆగారు. చాలాసేపు ఆగారు. పాత కెమెరా తీసి, తిప్పి చూసి, ప్లాస్టర్ మీద వేలితో తట్టారు.

"చూసినావా? ఇది వేసినాను కాబట్టే వచ్చినాయి. నీ చెయ్యి పడకుండా ఉంటే కెమెరా దాని పని అది చేసుకుంటాది."

అత్తగారు నా ముఖంలోకి చూసింది. నేను నేలలోకి చూశాను.

వారం తిరిగేలోగా ఆ మాట కోట అంతా తిరిగింది. బెన్హర్ నవ్వాడు: "అన్నా, మా ఇంట్లో ఆమెకు కూడా ఒక ప్లాస్టర్ కత్తిరించియ్." లిల్లీ ఫొటో పెద్దది చేసి స్టూడియో అద్దంలో పెట్టారు, మూలన ఆయన పేరుతో. పేరు పోనీ. పేర్లు నాకు ముందునుంచీ లేవు. కానీ ఆ ప్లాస్టర్! నా నెల రోజుల దొంగ సాధన, ఊయల, కోడి, చర్రుమన్న ఆ చప్పుడు, అన్నీ కలిపి ఒక అంగుళం అతుకు ముక్కకు పోయాయి. నేను నిలవలేకపోయాను. కూర్చోలేకపోయాను. ఒకే గిన్నెను రెండుసార్లు కడిగాను. ఉప్పు వేసిన కూరలో మళ్లీ ఉప్పు వేశాను. సోమవారం కాకపోయినా ఊచలు తుడిచాను.

ఆదివారం. మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఉన్న రోజు. మగ్దలీనమ్మ గారు నా ముందు వరసలో ఉంది. బల్ల దగ్గరికి పోకముందు, ఎప్పటిలాగే, పాస్టరు గారు అడిగారు: "సాక్ష్యం చెప్పేవాళ్లు ఉంటే లేవండి."

మా గుడిలో సాక్ష్యానికి ఎవరైనా లేవవచ్చు. జ్వరం తగ్గినవాళ్లు లేస్తారు, పరీక్ష తప్పనివాళ్లు లేస్తారు, తప్పిపోయిన గేదె దొరికినవాళ్లు లేస్తారు. పన్నెండేళ్లలో నేను ఒక్కసారీ లేవలేదు. నలుగురిలో నా గొంతు నాకే వినిపించదు. ఆ రోజు మగవాళ్ల వైపు నుంచి బెన్హర్ గొంతు వినిపించింది, గుసగుస కన్నా కొంచెం పెద్దగా: "ప్లాస్టర్ సాక్ష్యం చెప్పన్నా." నవ్వులు. ఆయన కూడా నవ్వారు. ఆడవాళ్ల వైపు ఎవరో కొంగు భుజాన కప్పుకున్నారు.

మగ్దలీనమ్మ గారు నవ్వలేదు. వెనక్కి తిరిగి, నా ఒడిలో ఉన్న చేతిని చూసింది. జాలిగా. మునక్కాయ తిన్నావా అన్నట్టు.

ఆ జాలిని నేను భరించలేకపోయాను. ఎగతాళిని ఏడాది భరించాను, జాలిని ఒక్క నిమిషం భరించలేకపోయాను. ఆమెకు జీవితంలో ఒక్కసారి దొరికిన నిమిషం నా చేతి వల్ల పోయిందని ఆమె నమ్ముతున్నది. నమ్మి, క్షమించింది. నాది కాని తప్పుకు క్షమాపణ తీసుకోవడం దొంగతనం కాదా?

కొంగు తలమీద సర్దుకొని లేచాను. చాప కింద నేల చల్లగా ఉంది. అత్తగారి చెయ్యి నా చీర కుచ్చిళ్ల దగ్గరకు వచ్చింది. లాగుతుందనుకున్నాను. కుచ్చిళ్లు కాలి కింద పడి తట్టుకోకుండా పక్కకు సర్దింది, అంతే.

"అందరికీ వందనాలు," అన్నాను. ఎవరో దగ్గారు, దగ్గు ఆగిపోయింది. "పోయినేడు బాప్తిస్మం ఫొటోలు చెడినాయి. నా చెయ్యి వణికిందన్నారు. నేనూ అదే నమ్మినాను. అది అబద్ధం. ఆ మీట నిలబడినవాళ్లను తీసే చోట ఉండింది, పెట్టింది నేను కాదు. ఆ సంగతి ఆ ఫొటోల్లోనే రాసి ఉంది, ఎవరైనా వచ్చి చూడొచ్చు. ఈ ఏడు నేను ప్లాస్టర్ పీకేసి, కదిలేవాళ్లను తీసే చోటికి తిప్పినాను. లిల్లీని తీసింది ప్లాస్టర్ కాదు. నేను. మళ్లీ ప్లాస్టర్ అతికించింది కూడా నేనే, భయపడి. పెద్దమ్మా, మీ ఫొటో పోయినందుకు నాకు బాధగా ఉంది. కానీ అది నా చెయ్యి చేసిన పని కాదు."

మగవాళ్ల వైపు నుంచి "కూర్చో కెజియా," అన్నారు ఆయన. గట్టిగా కాదు, మెల్లగా, ఇంట్లో చెప్పినట్టు.

బైబిలు పట్టుకున్న నా చేతిని చూసుకున్నాను. వణుకుతున్నది, ఈసారి నిజంగానే, అందరికీ కనిపించేటట్టు. నేను కూర్చోలేదు.